ర్యాంకు కార్డు చేతికొచ్చాక... పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎంసెట్ అని ఇప్పటికీ అందరూ పిలుచుకునే ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, నీట్ ఫలితాల మీద విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. సంతోషంతో రాసినవారికన్నా బెంగతో రాసినవారే ఎక్కువ. ఆ బెంగలో చాలా భాగం కార్డు మీద ఉన్న అంకె దేన్ని చెబుతోందో తెలియక వచ్చింది. అందుకే లెక్కలు కాస్త విడమరిచి రాశాం.

ప్రశ్న: ఈఏపీసెట్‌లో నాకు 92 మార్కులు, నా స్నేహితురాలికి 85. ర్యాంకు మాత్రం తనదే ముందుంది. ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో నాకు 600కి 432, తనకు 558. ఎక్కడో తప్పు జరిగిందని ఇంట్లో అంటున్నారు. రీకౌంటింగ్ పెట్టించుకోవచ్చా?
– విద్యార్థిని, మధురవాడ

జవాబు: తప్పేమీ జరగలేదమ్మా. ఈఏపీసెట్ ర్యాంకులో పరీక్ష మార్కుల వాటా 75 శాతమే. మిగతా 25 శాతం ఇంటర్‌లో గ్రూపు సబ్జెక్టుల మార్కులది. ఎంపీసీ వాళ్లకు గ్రూపు సబ్జెక్టులంటే లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, వాటి ప్రాక్టికల్స్. ఇంగ్లిషు, సంస్కృతం మార్కులు ఇందులోకి రావు.

మీ మార్కులతోనే లెక్క వేద్దాం. 160కి 92 అంటే 57.5 శాతం. అందులో 75 శాతం తీసుకుంటే 43.12. ఇంటర్‌లో 432 అంటే 72 శాతం, అందులో పాతిక వంతు 18. రెండూ కలిపితే 61.12. మీ స్నేహితురాలికి 85 మార్కుల మీద 39.84, ఇంటర్ 93 శాతం మీద 23.25, మొత్తం 63.09. తను మీకన్నా దాదాపు రెండు పాయింట్లు పైన ఉంది. ర్యాంకుల జాబితాలో మధ్యభాగం చాలా కిక్కిరిసి ఉంటుంది కాబట్టి అక్కడ రెండు పాయింట్లంటే వేల ర్యాంకుల తేడా రావచ్చు.

ఇదే లెక్కను ఇంకోలా చూస్తే, ఈఏపీసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో 11.25 మార్కులతో సమానం. ఇంటర్‌లో మీరు తనకన్నా 126 మార్కులు వెనక ఉన్నారు. అది ఈఏపీసెట్‌లో సుమారు 11 మార్కులు పోగొట్టుకున్నట్టే. పరీక్షలో ఎక్కువ తెచ్చుకున్న 7 మార్కులు ఆ లోటును పూడ్చలేకపోయాయి.

ఇంకో సంగతి. ఫలితంలో కనిపించే మార్కులు కీ దగ్గర పెట్టుకుని మీరు లెక్కపెట్టుకున్న మార్కులు కావు. పరీక్ష చాలా పూటలు జరుగుతుంది, ప్రతి పూటకూ పేపరు వేరు. కఠినమైన పేపరు వచ్చిన పూటవాళ్లకు కాస్త కలుపుతారు, తేలికైన పూటవాళ్లకు కాస్త తగ్గిస్తారు. దీన్నే నార్మలైజేషన్ అంటారు. కీ ప్రకారం 95 వచ్చి కార్డులో 92 కనిపించినా కంగారు పడక్కర్లేదు.

పరీక్ష కంప్యూటర్ మీద రాసింది కాబట్టి రీకౌంటింగ్ ఉండదు. మీరు సరిచూసుకోవలసింది ఇంటర్ మార్కులనే. దరఖాస్తులో ఇంటర్ హాల్ టికెట్ నంబరు ఒక్క అంకె తప్పు పడినా, రీవెరిఫికేషన్‌లో పెరిగిన మార్కులు లెక్కలోకి రాకపోయినా ర్యాంకు మారిపోతుంది. మెమోలో ఉన్న మార్కులూ అక్కడ నమోదైన మార్కులూ ఒకటి కాకపోతే, మెమో జతచేసి వెంటనే కన్వీనర్ కార్యాలయానికి రాయండి. కౌన్సెలింగ్ మొదలయ్యాక రాస్తే పని జరగడం కష్టం.

ప్రశ్న: సీబీఎస్‌ఈలో ప్లస్‌టూ చదివాను. ఈఏపీసెట్ మార్కులు కనిపిస్తున్నాయి, ర్యాంకు చోట ఏమీ లేదు. క్వాలిఫై కాలేదనా అర్థం?
– విద్యార్థి, సీతమ్మధార

జవాబు: 160కి 40 మార్కులు వస్తే క్వాలిఫై అయినట్టే. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. మన ఇంటర్ బోర్డు విద్యార్థుల మార్కులు నేరుగా చేరతాయి. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఓపెన్ స్కూల్ వాళ్లు మాత్రం తమ మార్కులను డిక్లరేషన్ ఫారంతో తామే పంపాలి. అది చేరేదాకా 25 శాతం వాటా లెక్కకట్టలేరు కాబట్టి ర్యాంకు ఇవ్వరు. మార్కుల మెమో స్పష్టంగా స్కాన్ చేసి ఈరోజే పంపండి.

ప్రశ్న: మా అబ్బాయికి జేఈఈ మెయిన్‌లో 93.04 వచ్చింది. నూటికి 93 అంటే మంచి మార్కులే కదా అని మేమంతా సంతోషపడి చుట్టాలకు కూడా చెప్పాం. వాడు మాత్రం ఐఐటీల ప్రవేశ పరీక్ష అడ్వాన్స్‌డ్‌కు అర్హత రాలేదంటూ రెండు రోజులుగా గది తలుపు వేసుకున్నాడు. అన్నం కూడా సరిగా తినడం లేదు. మేం ఓసీ. వాడికేం చెప్పాలో తెలియడం లేదు.
– స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి, గాజువాక

జవాబు: వాడి బాధకు కారణం ముందు మీకు తెలియాలి. 93.04 అన్నది మార్కులు కాదు, పర్సంటైల్. వందమంది రాస్తే 93 మంది వాడితో సమానంగానో వెనకో ఉన్నారని, దాదాపు ఏడుగురు ముందున్నారని అర్థం. 2025లో జేఈఈ మెయిన్ రాసినవారు సుమారు 14.75 లక్షల మంది. ఆ లెక్కన 93.04 అంటే ముందు లక్షమందికి పైగా ఉన్నట్టు. అదే ఏడాది అడ్వాన్స్‌డ్‌కు ఓసీ కటాఫ్ 93.1023262, అంతకుముందు ఏడాది 2024లో 93.2362181. 2025 కటాఫ్‌తో చూస్తే మీవాడికి తక్కువైంది 0.06. మనుషుల్లో చెప్పాలంటే సుమారు 900 మంది. పద్నాలుగు లక్షలమందిలో 900 మంది తేడాతో గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చుట్టాలు ఫోన్ చేసి '93 అటగా, శుభాకాంక్షలు' అన్నప్పుడల్లా ఆ దెబ్బ వాడికి మళ్లీ తగులుతోంది.

కాబట్టి మొదటి మాట ఇది కావాలి: 'ఎంత దగ్గరికొచ్చి పోయిందో నాకిప్పుడు అర్థమైంది నాన్నా. ముందు తెలియక ఏదో అన్నాను.' ఆ తర్వాత ఊరుకోండి. వాడు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే పక్కన కూర్చోండి. పెరుగన్నం కలిపి గదిలోకే పట్టుకెళ్లండి, బల్ల దగ్గరికి రావాలని పట్టుబట్టకండి. 'అదృష్టం లేదు', 'ఇంత ఖర్చు పెట్టాం', 'పక్క క్వార్టర్సు అబ్బాయికి ఎంతొచ్చింది' అన్న మూడు మాటలూ కొన్నాళ్లు ఇంట్లో వినపడకూడదు. చుట్టాల ఫోన్లు మీరే ఎత్తండి. ద్వారకానగర్‌లో ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టిన దారిలో ఈ వారం వాడిని తీసుకెళ్లకపోయినా నష్టం లేదు. క్లాసు వాట్సాప్ గ్రూపును మ్యూట్‌లో పెట్టుకొమ్మని నెమ్మదిగా చెప్పి చూడండి.

దాంతోపాటు ఒకటి గట్టిగా చెప్తున్నాం. నిద్ర పూర్తిగా పోయినా, 'నేను లేకపోతే మీకే మంచిది' లాంటి మాట అన్నా, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నా రాత్రిపూట ఒంటరిగా పడుకోనివ్వకండి. ఇంట్లో మందుల డబ్బా తాళంలో పెట్టండి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగానే అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని పెద్దలు భయపడతారు కానీ అలా జరగదు. అడిగితే లోపలున్నది బయటికి చెప్పుకోగలుగుతారు. టెలీ మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. అక్కడికి తీసుకెళ్లడానికి మొహమాటపడకండి.

వాడు కాస్త తేరుకున్నాక తర్వాతి దారులు మాట్లాడండి. జేఈఈ మెయిన్ ఇంటర్ పాసైన ఏడాదితో మొదలుపెట్టి వరసగా మూడేళ్లు రాయవచ్చు. ఏడాదికి జనవరి, ఏప్రిల్ అని రెండు విడతలు, రెండింట్లో మంచిదే లెక్క. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి, మనకు తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ ఉంది. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు కేటాయించే జోసా రౌండ్ల తర్వాత మిగిలిన సీట్లకు సీశాబ్ ప్రత్యేక రౌండ్లు ఉంటాయి. గత ఏళ్ల ముగింపు ర్యాంకులు జోసా సైట్‌లో బ్రాంచీలవారీగా చూడవచ్చు. ఎన్‌ఐటీ సీటు తీసుకోవాలంటే ఇంటర్‌లో 75 శాతం గానీ, బోర్డు పరీక్షలో పై 20 పర్సంటైల్‌లో చోటు గానీ ఉండాలి. అదొక్కటి ముందే చూసుకోండి. ఈఏపీసెట్ ర్యాంకు కూడా ఉండే ఉంటుంది. ఈ దారులేవీ ఈరోజే తేలనక్కర్లేదు, వాడు అన్నం తినేదాకా ఆగవచ్చు.

ప్రశ్న: వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. నాకిష్టమైన కాలేజీలో సీఎస్‌ఈ ఈ ర్యాంకుకు రాదు, పైన పెడితే ఆప్షను వృథా అయి కిందివి కూడా పోతాయని నెట్ సెంటర్ ఆయన చెప్పారు. నిజమా? ఎన్ని ఆప్షన్లు పెట్టాలి?
– విద్యార్థి, పెందుర్తి

జవాబు: నిజం కాదు. ఈ ఒక్క అపోహ వల్ల ప్రతి ఏడూ ఎందరో మంచి సీట్లు చేజార్చుకుంటున్నారు.

కంప్యూటర్ ర్యాంకుల వరసలో వెళుతుంది. మీ వంతు రాగానే మీ మొదటి ఆప్షన్‌లో మీ కేటగిరీకి సీటుందా అని చూస్తుంది. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఇలా కిందికి వెళుతూ ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. పైన పది రాని ఆప్షన్లు పెట్టినా పదకొండో దానికి మీ హక్కు ఏమాత్రం తగ్గదు. కానీ 'తప్పకుండా వచ్చే' కాలేజీని భయంతో పైన పెడితే కంప్యూటర్ అక్కడే ఆగిపోతుంది. దాని కింద మీకు రాగలిగిన మెరుగైన కాలేజీ ఉన్నా అటు చూడదు. కాబట్టి ఎంత ఇష్టమో ఆ వరసలోనే పెట్టాలి, వస్తుందా రాదా అన్న అంచనాతో వరస మార్చకూడదు. అంచనా పనికొచ్చేది జాబితాను ఎంత పొడుగు పెట్టాలో తేల్చుకోవడానికే.

ముందు కాగితం మీద రాసుకోండి. ఉన్నత విద్యామండలి ఇచ్చే గత ఏడాది చివరి ర్యాంకుల జాబితా తీసుకుని, మీ కేటగిరీ, బాలుర గడి, ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్ చూడండి. ఓసీ గడి చూసి నిరాశపడే బీసీ విద్యార్థులు చాలామంది. మీ ర్యాంకు 20 వేలనుకుంటే గత ఏడాది 12 వేల దగ్గర ముగిసినవీ, 20 వేల అటూ ఇటూ ఉన్నవీ, 40 వేల దాకా వెళ్లినవీ మూడూ జాబితాలో ఉండాలి. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు. ఇరవై పెట్టి ఊరుకున్నవాళ్లకు సీటే రాకపోవడం, అరవై పెట్టినవాళ్లకు ముప్ఫయ్యోదో నలభయ్యోదో రావడం మామూలు. అయితే వచ్చినా చేరని కాలేజీని ఎంత కిందైనా పెట్టకండి.

రాకపోకలూ చూసుకోండి. ఏయూ ఇంజినీరింగ్ కాలేజీ నగరం మధ్యలో ఉంది. గాయత్రి విద్యాపరిషత్ మధురవాడ వైపు, అనిట్స్ తగరపువలస దగ్గర సంగివలసలో, విజ్ఞాన్ దువ్వాడలో, రఘు దాకమర్రిలో ఉన్నాయి. పెందుర్తి నుంచి సంగివలసకు రోజూ వెళ్లి రావడమంటే నాలుగేళ్ల మాట. కాలేజీ బస్సు మీ స్టాపుకు ఎన్నింటికి వస్తుందో, ఏడాదికి ఎంత తీసుకుంటారో ఇప్పుడే కనుక్కోండి. యూనివర్సిటీ కాలేజీల్లో రెగ్యులర్‌కు ఒక కోడు, సెల్ఫ్ ఫైనాన్స్‌కు ఒక కోడు ఉంటాయి. పేరు ఒకటే కదా అని కోడు చూడకుండా నొక్కితే ఫీజు దగ్గర అసలు తేడా బయటపడుతుంది.

నెట్ సెంటర్‌లో పెట్టించుకుంటే పాస్‌వర్డు మీరే కొట్టండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. పది ఆప్షన్లకోసారి సేవ్ నొక్కండి. గడువు చివరి రోజు సైట్ నెమ్మదిస్తుంది కాబట్టి రెండు రోజుల ముందే పూర్తిచేసి, చివర్లో ప్రింటు తీసి కాగితం మీద వరసతో వేలు పెట్టి సరిచూడండి. 3, 13 తారుమారవడం లాంటి తప్పులు అప్పుడే దొరుకుతాయి.

రెండో విడతలో అందరూ దెబ్బతినే చోటు ఒకటుంది. మొదటి విడత ఆప్షన్లు అప్పుడు పనిచేయవు, మళ్లీ పెట్టాలి. కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు. అందుకని చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా మెరుగనుకున్నవే రెండో విడతలో పెట్టండి. ఉన్నదే బాగుంటే ఏమీ పెట్టకండి. సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, ఆ తర్వాత కాలేజీలో రిపోర్టింగ్ రెండూ గడువులో చేయాలి. మొదటిది చేసి రెండోది మర్చిపోయినా సీటు రద్దవుతుంది.

సర్టిఫికెట్ల పరిశీలనకు పది మెమో, ఇంటర్ మెమో, టీసీ, 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు దగ్గరుంచుకోండి. మధ్యలో బడి మారినవాళ్లకు పాత బడి స్టడీ సర్టిఫికెట్టే ఎక్కువ ఆలస్యం చేస్తుంది, దానికి ముందు వెళ్లండి. ప్రాసెసింగ్ ఫీజు గత ఏళ్లలో ఓసీ, బీసీలకు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600 రూపాయలు.

ప్రశ్న: మా అమ్మాయికి నీట్‌లో 480 వచ్చాయి. లాంగ్‌టర్మ్ తీసుకుంటానంటోంది. ఇంకో ఏడాది చదివిస్తే పెరుగుతాయా? ఎలా తేల్చుకోవాలి?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: మొత్తం మార్కు చూసి తేల్చలేం. ప్రశ్నపత్రం, ఓఎమ్మార్ కాపీ, ఫైనల్ కీ ముందు పెట్టుకుని తల్లీకూతుళ్లు ఒక ఆదివారం కూర్చోండి. 180 ప్రశ్నలకు 720 మార్కులు. ఒప్పుకు 4 వస్తాయి, తప్పుకు 1 పోతుంది. 130 ఒప్పు, 40 తప్పు, 10 వదిలేసినవి అనుకుంటే 520లోంచి 40 పోయి 480 అవుతుంది.

ఆ 40 తప్పులనూ రెండు కుప్పలు చేయండి. తెలిసీ తప్పు పెట్టినవి ఒకటి: 'కానిది ఏది' అన్నది 'ఏది' అని చదవడం, ఫిజిక్స్‌లో సెంటీమీటర్లను మీటర్లు చేయకపోవడం, ఓఎమ్మార్‌లో పక్క వరస దిద్దడం. ఇవి 18 ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి ఒప్పయితే పోయిన 1 తిరిగొచ్చి పైన 4 చేరుతుంది, అంటే ప్రశ్నకు 5 చొప్పున 90 మార్కులు. ఈ కుప్ప పెద్దదైతే ఏడాది కష్టానికి ఫలం కనిపించే అవకాశం బాగా ఉంది. మందు మాత్రం కొత్త క్లాసులు కాదు, గడియారం పెట్టుకుని రాసే పూర్తి నిడివి పరీక్షలు, రాసిన ప్రతిసారీ ఇదే లెక్క.

రెండో కుప్ప అనుమానంగా పెట్టినవి. ఇక్కడ ఒప్పయినవి కూడా కలిపి లెక్కపెట్టాలి. అనుమానంతో 25 పెడితే 3 ఒప్పు, 22 తప్పు అయ్యాయనుకోండి. వచ్చింది 12, పోయింది 22. ఐదింట ఒకటికన్నా తక్కువ ఒప్పవుతుంటే అలాంటివి వదిలేయడమే లాభం. కళ్లు మూసుకుని పెట్టినా నాలుగింట ఒకటి ఒప్పవ్వాలి కదా అనిపిస్తుంది. కానీ సగం గుర్తున్నప్పుడు మనల్ని లాగేలాగే తప్పు ఆప్షన్లు తయారుచేస్తారు, అందుకే అంతకన్నా తక్కువ వస్తుంది. ఈ 22 తప్పులూ ఏ పాఠాలవో పక్కన రాయండి. నాలుగైదు పాఠాల్లోనే పోగయితే ఏడాదిలో సరిచేయవచ్చు. ఫిజిక్స్ మొత్తం చెల్లాచెదురుగా ఉంటే, రెండేళ్లలో పట్టుబడని సబ్జెక్టు మూడో ఏడు ఎలా పట్టుబడుతుందో అమ్మాయే చెప్పగలగాలి. చెప్పలేకపోతే లాంగ్‌టర్మ్ వద్దనే మా అభిప్రాయం.

నీట్‌కు ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, గరిష్ఠ వయసు కూడా లేదు. అది వరమూ అవుతుంది, ఉచ్చూ అవుతుంది. ఒక్క ఏడాదే అని ముందే మాట అనుకోండి. ప్రభుత్వ కాలేజీల్లో 85 శాతం సీట్లు రాష్ట్ర కోటావి. ఆంధ్రా మెడికల్ కాలేజీ మీ మనసులో ఉంటే, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం గత ఏడాది కేటాయింపుల జాబితాలో మీ కేటగిరీలో ఆఖరి మార్కు ఎంతో చూసి దూరం కొలుచుకోండి. వేరే రాష్ట్రం కటాఫ్‌లు మనకు పనికిరావు. ఈఏపీసెట్ బైపీసీ కూడా రాసి ఉంటే అగ్రికల్చర్ బీఎస్సీ, బీఫార్మసీ, ఫార్మ్‌డీ దారులు ఉన్నాయి. ఆ కౌన్సెలింగ్ తేదీలు తప్పిపోనివ్వకండి.

ప్రశ్న: మేం బీసీ-డి. మీసేవలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఉంది. జోసాలో అది చాలదంటున్నారు.
– విద్యార్థి, భీమిలి

జవాబు: చాలదు. జోసాకు, నీట్ అఖిల భారత కోటాకు కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలోకి రాని కుటుంబమని చెప్పే) ధ్రువపత్రం కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, మీది ఉందో లేదో ముందు చూసుకోండి. సచివాలయంలో దరఖాస్తు ఇస్తే తహసీల్దార్ కార్యాలయం నుంచి వస్తుంది. ఓసీల్లో ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన) వాళ్లకూ పాత ఏడాది పత్రం పనికిరాదు.

ప్రశ్న: కన్వీనర్ కోటాలోనే సీటు మార్పిస్తాం, ముందు కొంత కట్టండి అని ఫోన్లు వస్తున్నాయి. నా ర్యాంకు కూడా వాళ్లే చెప్తున్నారు. నమ్మవచ్చా?
– విద్యార్థిని, అక్కయ్యపాలెం

జవాబు: నమ్మకండి. ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ సీటు ర్యాంకు, కేటగిరీ, ఆప్షన్ల వరసను బట్టే వస్తుంది, మధ్యలో మార్చే దారి ఎవరి దగ్గరా లేదు. ర్యాంకు చెప్పారంటే మీ వివరాలు ఎక్కడో చేతులు మారాయని అర్థం, కాబట్టి పాస్‌వర్డు మార్చుకోండి. వాళ్లు చివరికి చూపించేది యాజమాన్యం నింపుకునే బి కేటగిరీ సీటో, మిగిలిపోయిన సీట్లకు కాలేజీలోనే ఇచ్చే స్పాట్ అడ్మిషనో అవుతుంది. ఆ రెండింటికీ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. అనుమానముంటే కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లోని హెల్ప్‌లైన్ సెంటర్‌కు ర్యాంకు కార్డు పట్టుకెళ్లి అడగండి.